రెండు గడుల నడుమ

మా యింటి దూలము మీద, గోనెసంచిలో చుట్టి, దానిపైన మరల పాత ఎర్రబట్ట కట్టి, పురుగు పట్టకుండ నడుమ వేపాకు పొట్లము పెట్టి మా బాపు దాచిపోయిన కాగితములను, ఆయన పోయిన పదునాలుగేండ్లకు గాని నేను విప్పి చూడలేదనిన, చదువరులు నన్ను అశ్రద్ధపరునిగా భావింతురేమో. కాని హుస్నాబాద్ ప్రాంతమున పుట్టి పెరిగినవారెవ్వరును అట్లనుకొనరు. మా వైపు భూమి కాగితము దేవుని అర్రలోని పెట్టె వంటిది. దానిని ముట్టుకొనుటకు ఒక సమయము రావలెను. ఆ సమయము తరచు మంచి సమయము కాదు. అన్నదమ్ములు వేరుపడిననాడో, గెట్టు జరిగిననాడో, ఇంటిలో ఒకరు దవాఖానా పాలయి అర ఎకరము అమ్ముకొనవలసి వచ్చిననాడో ఆ మూట క్రిందికి దిగును. మా మూట దిగుటకు కారణము అంతకంటె స్వల్పము. మూడెకరముల పన్నెండు గుంటల మా భూమి, కొత్త పాసుపుస్తకములో మూడెకరముల రెండు గుంటలుగా అచ్చయి వచ్చినది. పది గుంటలు, అనగా వేయిన్ని రెండువందల పది గజములు, ఒక్క గడ్డపార దెబ్బ లేకుండ మాయమైనవి. ఎచ్చటికి పోయినవని ఒకానొక కార్యాలయమున అడుగగా, "పాత నకళ్లు తెస్తే చూస్తం సారూ" అనిరి.

మూటలో ఉన్నవి పెద్ద సంపద యేమియు కాదు. తడిసి ఆరి అంచులు మట్టిరంగు తిరిగిన శిస్తు రసీదులు కొన్ని; తెల్లకాగితము మీద వ్రాసి, క్రింద ఇద్దరు సాక్షుల వేలిముద్రలు వేయించిన సాదా బైనామా యొకటి; పట్వారీ చేతితో గీసిన నక్షా ముక్క యొకటి; అన్నిటికంటె అడుగున, నాలుగు మడతలుగా మడువగా మడతల వెంట చినిగి, వెనుకనుండి అన్నపు మెతుకులతో అతికించిన కాస్రా పహాణీ నకలు. ఈ తుదిది 1954-55 నాటి లెక్కకు నకలు. తెలంగాణములో భూమి కొట్లాట ఏ కచేరీకి పోయినను, ఏ పెద్దమనుషుల ముందుకు పోయినను మొదట వినవచ్చు ప్రశ్న యొక్కటే: "కాస్రాల ఎవలున్నరు?" హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసి, జాగీర్లు రద్దయిన పిదప, ఊరూరను ప్రతి సర్వే నంబరును మోకా మీద చూచి, ఇది ఎవరి పట్టా, ఎవరి కాస్తు అని వ్రాసికొనిన లెక్క యది. అందులో పేరున్నవాడు అదృష్టవంతుడు. లేనివాని మనుమలు నేటికిని కాగితములు పట్టుకొని తిరుగుచునే యున్నారు.

నకలు ఉర్దూలో ఉన్నది. మా బాపు నిజాము కాలపు బడిలో ఉర్దూ చదివినవాడు. నేను ముప్పదియేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతుడనైనవాడను. నడుమ గడచినది ఒక్క తరమే గాని, నా యింటి ఆస్తి నేను చదువలేని లిపిలోనికి పోయినది. పండితులు వేయియేండ్లనాటి శిలాక్షరములను చదివి మనకు వినిపించుచున్న కాలమున, తండ్రి దాచిన కాగితమును కొడుకు తలక్రిందుగా పట్టుకొని చూచుట వింతయే కదా! (ఇది అలంకారము కాదు. నేను నిజముగనే తలక్రిందుగా పట్టుకొంటిని. మూలనున్న ముద్రను చూచి సరిచేసికొంటిని.)

మా ఊరిలో ఉర్దూ బడి పంతులుగా పనిచేసి మానుకొనిన పెద్దలొకరున్నారు. ఎనుబది దాటినవి. ఊరందరికి ఆయన ‘సాబ్’. ఎల్లమ్మ చెరువు వైపు చిన్న పెంకుటింటిలో ఉందురు. నేను పోవుసరికి అరుగు మీద కూర్చుండి, కళ్ళద్దములు నొసటి మీదికి నెట్టి, అవి కనబడలేదని మనుమరాలిని కేకలు వేయుచుండిరి. కాగితమును చూపగానే చాయ తెప్పించి, అది పూర్తిగా త్రాగి, చేతులు కడిగికొని, తుడిచికొని, అప్పుడు గాని దానిని ముట్టుకొనలేదు. నాలుగు మూలలను తమలపాకుల డబ్బా, కళ్ళద్దముల డబ్బా, రెండు చిల్లర బిళ్ళలు అదిమిపట్టగా, భూతద్దము తీసి కుడినుండి యెడమకు మెల్లగా జరుపసాగిరి.

"సారూ, గీ రాతకు నుక్తాలు లెవ్వు," అనిరి కొంత సేపటికి. "పట్వారీకి పొద్దుగూకింది కావచ్చు. చుక్కలు ఇంటికి పొయ్యి పెడ్తననుకున్నడు, మర్సిపోయిండు."

ఉర్దూలో చుక్క లేక పోయిన ఒక యక్షరము మూడక్షరములుగా చదువవచ్చునట. అందులోను మన తెలుగు పేర్లు: ళకార ణకారములు ఆ లిపిలో లేవు, ద్విత్వమునకు గుర్తు పెట్టు ఓపిక లెక్కలు వ్రాయువానికి ఉండదు. మల్లయ్యయు మలయ్యయు ఒకే గీతలో నిద్రించుచుందురు. చదువువాడు పిలిచిన పేరుతో లేతురు. సాబ్ ఒక్కొక్క మాటయే విప్పి నాకు చెప్పిరి. కాగితము తలపైనున్న 1364 ఫసలీ సంవత్సరము. దానికి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చును. ఖుష్కి అనిన మెట్ట, తరి అనిన మాగాణి. అబీ వానకాలపు పంట, తాబీ యాసంగి పంట. వల్దు అనిన ఫలానా వాని కొడుకు. జౌజె అనిన ఫలానా వాని భార్య. బేవా అనిన భర్త లేని స్త్రీ. ఇవి నాకు తెలియని మాటలు కావు. అక్షరము ముక్క రాని మా ఊరి రైతులు పారసీక, అరబ్బీ భాషలనుండి వచ్చిన ఈ మాటలను దినమునకు పదిమారులు పలుకుచుందురు. తెలుగు పంతులనైన నేనే వానిని కాగితము మీద గుర్తుపట్టలేకపోతిని.

కాస్రాలో గడులు అనేకములు గాని, ప్రాణమున్నవి రెండే. మొదటిది పట్టాదారుని గడి. రెండవది కాస్తు చేయువాని గడి. మొదటి గడిని సాబ్ తడుముకొనకుండ చదివిరి: అది ఆనాటి దొర పేరు. చుక్కలన్నియు చక్కగా ఉన్నవి. రెండవ గడి దగ్గర ఆగిపోయిరి. అక్షరములు కాగితపు మడతలో పడినవి. మడత మీద మెతుకు ఎండినది. "పొద్దుగూకింది సారూ. రేపు పొద్దుగాల్ల రాండ్రి, ఎండపొడల చూద్దం," అనిరి.

ఆ రాత్రి నిద్రపట్టక నేను ఆలోచించినదే ఈ వ్యాసము.

మా భాషలో ‘గడి’ అనిన మాటకు రెండర్థములు. కాగితము మీద గీసిన చదరము గడియే. దొర నివసించిన కోటవంటి యిల్లును గడియే. నిఘంటుకారులు ఈ రెంటికి వేరు వేరు వ్యుత్పత్తులు చెప్పుదురు గాక, తెలంగాణ చరిత్ర మాత్రము వానిని విడదీయలేదు. కాగితపు గడిలో పేరు ఎక్కినవాడు ఊరి నడుమ గడి కట్టెను. ఆ గడిలో కూర్చుండి, కాగితపు గడిలో ఎవరి పేరు ఉండవలెనో చెప్పుచుండెను. ఈ రాకపోకలు ఎట్లు మొదలయినవో తెలియుటకు నూటయేబదియేండ్లకు మించి వెనుకకు పోవలెను.

మా పాత జిల్లాకు కరీంనగరమను పేరు 1905లో, జిల్లా కేంద్రము అచ్చటికి మారినపుడు స్థిరపడినది. అంతకు ముందు ఇది ఎలగందుల. అంతకును ముందు, శిస్తు వసూలు గుత్తకు తీసికొనిన తాలూకుదారులు, వారి క్రింద పరగణాకొక దేశ్‌ముఖు, దేశ్‌పాండ్యా ఉండెడివారు. దేశ్‌ముఖు వసూలు చేయును. దేశ్‌పాండ్యా లెక్క వ్రాయును. రైతు రెండింటికిని తలయొగ్గును. 1853లో దివానుగా వచ్చిన మొదటి సాలార్‌జంగు ఈ గుత్త పద్ధతిని తీసివేసి, 1865లో జిల్లాబందీ నేర్పరచి, సర్కారు నౌకరులచేతనే వసూలు చేయించెను. పని పోయిన దేశ్‌ముఖులకు రుసుము పేర భరణము ముట్టెను. తరువాత సర్వే బందోబస్తు వచ్చినది. బంజరులు, అడవులు, ఇతరులు సాగుచేయుచున్న పొలములు సైతము లెక్క తెలిసినవారి పేర, పలుకుబడి కలవారి పేర పట్టాలుగా మారినవి. న్యాయముగా చూచిన ఆ సర్వే రైతును సర్కారు ఎదుట నేరుగా నిలుపుటకు వచ్చినది. ఫలితముగా చూచిన, అక్షరము వచ్చినవానికి భూమి వచ్చినది. విసునూరు దేశ్‌ముఖునకు నలుబదివేల ఎకరములుండెనని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసిన లెక్క. నలుబదివేల ఎకరములను ఏ మనుష్యుడును దున్నలేడు, వ్రాయించుకొనగలడు.

సర్వే మాట వచ్చినది కనుక గొలుసు మాట చెప్పక తప్పదు. ఇది నాకు చిరకాలముగా ఇష్టమైన విషయము. పదునేడవ శతాబ్దమున ఎడ్మండ్ గుంటర్ అను ఆంగ్లగణితవేత్త 66 అడుగుల గొలుసును కల్పించెను. ఆ గొలుసు నాలుగు దిక్కుల పట్టిన చదరములు పది చేరిన ఒక ఎకరము. ఆ గొలుసునే వలసపోయిన ఆంగ్లేయులు అమెరికాకు కొనిపోయిరి. జార్జి వాషింగ్టన్ 1749లో, తన పదునేడవ యేట, వర్జీనియాలోని కల్పెపర్ కౌంటీకి సర్వేయరుగా నియమింపబడెను. ఆ దేశపు తొలి అధ్యక్షుడు మొదట భూమి కొలిచి జీతము తీసికొనినవాడే. ఆ గొలుసులో సగము, అనగా 33 అడుగులది, బొంబాయి సర్వే పద్ధతితో మన వైపు వచ్చినది. 33 అడుగుల చదరము గుంట. నలుబది గుంటలు ఎకరము. వర్జీనియా అడవులలో తిరిగిన గొలుసును, మా హుస్నాబాద్ ఎర్రనేలల మీద ఈడ్చిన గొలుసును ఒకే తల్లి బిడ్డలు. మా యింట మాయమైన పది గుంటలు ఆ లెక్కన గుంటరుగారి గొలుసు చదరములు రెండున్నర.

అమెరికాలోని పాత భూస్వామి కుటుంబముల పత్రములను గూర్చి నేను చదివినది కొంత కలదు. 1618 నుండి వర్జీనియాలో ఒక పద్ధతి యుండెను: సముద్రము దాటించి తెచ్చిన ప్రతి మనిషికిని, తెచ్చినవానికి ఏబది ఎకరములు. వచ్చినవానికి కాదు, దారిఖర్చు పెట్టి తెచ్చినవానికి! నలుగురు కూలీలను దింపినవాడు రెండువందల ఎకరముల దొర యగును. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాసుల తలలు లెక్కవేసి సైతము భూమి పుచ్చుకొనినవారు కలరు. ఆ భూములకు హద్దులు వ్రాయు తీరు మన పాత దానపత్రములను జ్ఞప్తికి తెచ్చును: వాగు ఒడ్డున గాటు పెట్టిన తెల్ల ఓకు చెట్టు మొదలు, గుట్ట మీది రాయి దాక, అచ్చటినుండి ఫలానా వాని కంచె దాక. చెట్టు కూలిన హద్దు కూలెను. వాగు జరిగిన వ్యాజ్యెము పుట్టెను.

ఇట్లు పుట్టిన వ్యాజ్యెములలో ఒకటి లోకచరిత్రలోనికి ఎక్కినది. కెంటకీలో థామస్ లింకన్ అను రైతు డబ్బు పోసి కొనిన పొలములు మూడింటికిని కాగితములు చిక్కులలో పడినవి. ఒకదానిలో కొలత తప్పి కొంత పోయినది; ఒకదానికి వెనుకటి హక్కుదారు డొకడు లేచెను; మూడవదానినుండి వెడలగొట్టుటకు దావా వేసిరి. విసిగి 1816లో పెండ్లాము బిడ్డలతో ఇండియానాకు వలసపోయెను. అచ్చట 1785 నాటి శాసనము ప్రకారము నేలను ఆరు మైళ్ళ చదరములుగా కొలిచి, ఒక్కొక్కదానిని 640 ఎకరముల ఖండములు ముప్పదియారుగా కోసి, సర్కారే అమ్ముచుండెను. ఓకు చెట్టుతో పని లేదు. ఆ వలసలో పోయిన యేడేండ్ల పిల్లవాడు అబ్రహాము. తమ వలసకు బానిసత్వము కొంత కారణమైనను, భూమి కాగితముల చిక్కే ముఖ్యకారణమని ఆయన తరువాత స్వయముగా వ్రాసెను. పాసుపుస్తకములో గుంటలు తప్పిన నాబోటివానికి ఈ వృత్తాంతము ఎంత చుట్టరికము కలిగించునో చెప్పనక్కరలేదు. (ఆ చక్కని చదరముల క్రింది నేల అంతకు ముందు ఎవరిదో, అచ్చటి తెగలవారి పేర్లు ఏ గడిలో నున్నవో అని అడుగుట న్యాయమే, ఆ కథ మా దొరల కథకంటె పెద్దది.)

మన వైపున భూమికాగితము కొత్తది గాని, భూమిలేఖనము కొత్తది కాదు. మాకు ఉత్తరముగా గంగాధర దగ్గర కురిక్యాలలో బొమ్మలమ్మగుట్ట కలదు. క్రీ.శ. 945 ప్రాంతమున ఆ బండ మీద జినవల్లభుడు చెక్కించిన శాసనములో తెలుగు కందపద్యములున్నవని సాహిత్యవిద్యార్థు లందరు ఎరుగుదురు. కాని అదే శాసనము అతని అన్నయైన పంప మహాకవికి అరికేసరి ధర్మవురమును అగ్రహారముగా ఇచ్చిన సంగతిని చెప్పుచున్నది. పద్యమునకు మనము మురిసితిమి; ఆనాటివారికి అగ్రహారము మాట కూడ రాతి మీద ఉండవలసి వచ్చినది. ఆ అగ్రహారపు మళ్ళు దున్నినవారి పేరు మాత్రము బండ మీద ఒక్కటియు లేదు. రెండవ గడి అప్పటికి ఇంకను పుట్టలేదు.

పుట్టిన తరువాతను అది చాలకాలము ఖాళీగనే యుండెను. పట్వారీ దఫ్తరము ఎర్రబట్టలో మూటగట్టి యుండును; దానిని ఆయన తప్ప వేరొకరు విప్పరాదు. మాలీపటేలు వసూలు చూచును, పోలీసుపటేలు ఊరి బందోబస్తు చూచును, పట్వారీ కలము చూచును; మూడింటిలో కలమే బరువైనది. ఆ యేడు ఎవరు దున్నిరో వ్రాయవలసిన గడిలో, పట్వారీ పొలము మొగము చూడకయే, గడిలో కూర్చుండి దొర చెప్పిన పేరు వ్రాసిన వ్రాయును, లేకున్న లేదు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ నాలుగెకరముల కౌలు భూమిలో పండించిన వడ్లను ఆ విసునూరు దేశ్‌ముఖు మనుషులు ఎత్తుకొనిపోవ వచ్చినపుడు జరిగిన పోరాటమును నేడు అందరును కీర్తింతురు. ఆమె పట్టాదారుని గడిలో లేదు, కాస్తుదారుని గడిలోని మనిషి. తెలంగాణ సాయుధపోరాట మంతయు ఈ రెండు గడుల నడుమనున్న నిలువుగీత మీద జరిగినదని నేను అనుకొందును.

హుస్నాబాద్‌వారమైన మేము ఈ మాట చెప్పునపుడు అనభేరి ప్రభాకరరావును తలచుకొనక పోలేము. భూమి కలిగిన కుటుంబమున పుట్టియు, మొదటి గడి సుఖమును వదలిపెట్టి రెండవ గడివారి పక్షమున నిలిచిన వాడు. ఆయనయు ఆయన దళమును ఊరూర పటేలు పట్వారీల దఫ్తరములను బయటికి తెచ్చి తగులబెట్టించిరి. 1948 మార్చి 14న మాకు సమీపముననే మహమ్మదాపురం గుట్టలలో ఆయన సహచరులతో కూడ నేలకొరిగెను. చిన్ననాడు ఆ దఫ్తరములు కాలుట చూచిన ఒక ముదుసలి నాకు చెప్పినమాట: "కాయితాలు గాలినంక బూడిద సూసుడుకు అందరచ్చిండ్రు సారూ. అప్పు గాలింది, వెట్టి గాలింది అనుకున్నం."

పాతపత్రములను ప్రేమించు నావంటివాడు ఆ మంటను గూర్చి ఏమనవలెను? చిత్తు కాగితమును సైతము చింపుటకు చేయిరాని స్వభావము నాది. హైదరాబాదులో తార్నాక యందున్న రాజ్యాభిలేఖాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను కాగితములు నేటికిని భద్రముగా నున్నవని తలచుకొనినప్పుడెల్ల నాకు ఆనందము కలుగును. దఫ్తరము కాలినదనిన గుండె కలుక్కుమనును. అయినను ఆ మంట వేసినవారిని నేను తప్పుపట్టను. వారు తగులబెట్టినది చరిత్రను కాదు, అప్పుపత్రమును. తమ పేరు లేని కాగితమును కాపాడవలసిన పూచీ ఎవ్వరికిని లేదు.

ఆ పోరాటపు వేడి చల్లారకముందే రెండవ గడికి కొంత బలము వచ్చినది. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులను గుర్తించినది. తరువాత వారిలో కొందరికి యాజమాన్యపు హక్కునిచ్చు 38-ఇ ధ్రువపత్రములు వచ్చినవి. కాస్రా వచ్చినది. 1971లో పాసుపుస్తకముల చట్టము. 1984లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వము పటేలు పట్వారీ వ్యవస్థను ఒక్క కలముపోటుతో రద్దుచేసెను; ఆ కలముపోటు పడిన రాత్రి కొన్ని ఎర్రమూటలు ఏ అటకలెక్కినవో ఎవ్వరు చెప్పగలరు! పిమ్మట మా హుస్నాబాద్ 2016లో కరీంనగరు జిల్లానుండి సిద్దిపేట జిల్లాకు పోయినది. 2018 మేలో మాకు పొరుగుననే యున్న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలై, ఎకరమునకు పంటకు నాలుగువేల రూపాయల చెక్కు పట్టాదారుని చేతికి వచ్చినది. పట్టాదారుని చేతికే; కౌలుదారునకు కాదు. 2020 అక్టోబరులో భూమి లెక్కలను కంప్యూటరు తెర కెక్కించిన ధరణి వచ్చినది. వేగము కొరకో, వివాదములు తగ్గుట కొరకో, పహాణీలోని అనుభవదారుని గడిని అందులోనుండి తీసివేసిరి. గీత చెరిపిన తగవు చెరుగునని ఎవరో తలచిరి కాబోలు. 2025 ఏప్రిలు నుండి దాని స్థానమున భూభారతి నడచుచున్నది. చట్టములను తూచుట నా పని కాదు. కాని మనుషులు నెత్తురోడ్చి సంపాదించుకొని డెబ్బదియేండ్లు నిలుపుకొనిన ఒక గడి, ఒక తెర మీద ఒక్క నొక్కుతో పోవుట తప్పు. ఈ తప్పు చేసినవారికి బహుశః ఆ గడి విలువ తెలియదు. వారి పెద్దలు మొదటి గడిలో నుండియుందురు.

తెల్లవారినది. సాబ్ ఇంటి ముందర వాకిలిలో, ఎండపొడ పడుచోట పీట వేసికొని నాకంటె ముందే కూర్చుండిరి. మెతుకు ఎండిన చోట దూది తడిపి అద్దిరి. కాగితము కొంచెము మెత్తబడగా మడతను గోటితో లేపిరి. చాలసేపు పెదవులు కదలినవి గాని మాట రాలేదు.

"వల్దు కాదు సారూ," అనిరి చివరకు. "మనం నిన్న వల్దు అనుకున్నం. ఇది జౌజె. ఇగో, ఎన్క బేవా అని ఉన్నది. ఆడామె పేరు."

పేరు చదివిరి. నేను ఆ పేరును నా జన్మలో విని యుండలేదు.

ప్రక్కననున్నది మాత్రము మా తాత పేరే. కనుక ఆమె మా బాపమ్మ. నాకు నడక వచ్చువేళకు పోయినది. ఇంట అందరును ఆమెను ‘కోహెడామె’ అనెడివారు. పుట్టిన ఊరి పేరే మెట్టినింట పేరు. మా బాపు ‘అవ్వ’ అనెడివాడు. ఊరివారు ‘కోహెడవ్వ’ అనెడివారు. తాత ఏమని పిలిచెడివాడో, పిలిచెడివాడో లేదో! గోడ మీద పటము లేదు. మా యింట వంశవృక్షము చెప్పవలసివచ్చిన అందరును మగవారి పేర్లే చెప్పితిమి. ఆ పొలము తాత చెమటయని వింటిమి. తాత 1954 నాటికే లేడని ఇంట ఎవరును లెక్క వేసికొననైన లేదు. అరకకు మనిషిని మాటాడి, కూలీలతో పాటు తానును కలుపు తీసి, కోహెడామె దున్నించిన నేల యది. ఆమె పేరు రెండవ గడిలో పడినది కనుకనే, కౌలుచట్టమునకు జడిసిన దొర తరువాత ఆ నేలను మా బాపునకు తెల్లకాగితము మీద అమ్మెను. మా పట్టాకు వేరు ఆ బేవా యను మాటలో ఉన్నది.

అమెరికాలో నల్లజాతివారు తమ పూర్వుల కొరకు వెదకునపుడు 1870 దగ్గర ఒక గోడ అడ్డువచ్చునట. ఆ యేటి జనగణనకు ముందు, 1850లోను 1860లోను, బానిసలను వయస్సుతో, ఆడ మగ గుర్తుతో లెక్కించిరి గాని పేరు వ్రాయలేదు. ఆ గోడ దాటవలెననిన, తమ తాతముత్తాతలను సొంతము చేసికొనిన భూస్వాముల వీలునామాలు, క్రయపత్రములు, ఆస్తిజాబితాలు తిరుగవేయవలెను. ఎకరములు, గుఱ్ఱములు, రాగిబిందెలు వ్రాసిన వరుసలోనే ఒక సారా, ఒక సామ్ దొరకును. యజమాని తన ఆస్తి కొరకు వ్రాసికొనిన కాగితమే, బానిస మనుమరాలికి తరచు తన అవ్వ పేరు తెలుపు ఏకైక సాక్ష్యము. మా బాపమ్మ బానిస కాదు, మా ఊరు వర్జీనియా కాదు. కాని దొరగారి భూమి లెక్కలో తప్ప ఆమె పేరు భూలోకమున వేరొకచోట వ్రాయబడలేదు.

ఆ పేరు ఇచ్చట వ్రాయను. అది మా యింటిది. మనుమరాలికి పెట్టుటకు నా కోడలు అడిగినది.

పది గుంటల సంగతి సాబే తేల్చిరి. ఉర్దూ అంకెలలో ఒకటి అనిన నిలువుగీత మాత్రమే. మా నకలులో పన్నెండులోని ఆ గీత స్పష్టముగనే యున్నది. అసలును ఎక్కించినప్పుడో, తిరిగి ఎక్కించినప్పుడో అది ఎవరి కంటికిని ఆనలేదు. అర్జీ పెట్టితిని, నకలు జతచేసితిని, దాని తెలుగు వ్రాతప్రతి క్రింద సాబ్ ఉర్దూలో సంతకము చేసిరి. మూడుమారులు పోయి వచ్చితిని. ఇంకను పోవలెను. గౌరవెల్లి జలాశయము కొరకు నేల పోగొట్టుకొనిన గుడాటిపల్లివారిని తలచుకొనినపుడు నా పది గుంటలను గూర్చి గట్టిగా మాటాడుటకు సిగ్గుగా నుండును. నా నేల కాగితములో తగ్గినను గట్టు మీద నిలుచుండి చూచిన కంటికి కనబడుచున్నది, వారి కాగితము నిండుగానుండినను నేల జలాశయము పాలైనది.

మూటను మరల దూలము మీద పెట్టలేదు. చదువరులకు ఒక మనవి. మీ యింట ఇట్టి మూట యున్నచో, తగవు వచ్చువరకు ఆగక ఒక ఆదివారము విప్పుడు. ఉర్దూ లెక్కల వ్రాత చదువగల పెద్దవారొకరు మీ ఊరిలోనో పొరుగూరిలోనో ఇంకను ఉండవచ్చును. ఈ యెండకాలములోనే పోయి కలిసికొనుడు, ఉదయమున పొండు, సాయంకాలము చూపు ఆనదు. రెండవ గడిని తప్పక చదివించుకొనుడు. చాయ వారే తెప్పింతురు. కళ్ళద్దములు నొసటి మీద నున్నవని మాత్రము మీరు చెప్పవలెను.